నార్వే పేపరు దిద్దిన అబ్రహాం సారు

అబ్రహాం సారు దేన్ని చూసినా మార్కులు వేస్తాడు. వేస్తాడు అనడం మర్యాద కోసం, నిజానికి కోస్తాడు. పెండ్లికి పిలిస్తే పప్పుకు పదికి నాలుగు, పెండ్లికొడుకుకు మూడున్నర. చర్చిలో పాస్టరు గంటసేపు చెమటలు కక్కుతూ ప్రసంగించి కిందికి దిగితే, చేయి కలుపుతూ చెవిలో చెప్పేవాడు: "ప్రశ్న ఒకటి, జవాబు ఇంకోటి. పదికి మూడు." దవాఖానలో సూది వేసిన నర్సుకు రెండు. ఆ నర్సు అప్పటి నుంచి ఆయనకు రెండు మార్కుల సూదే వేస్తోందని వినికిడి.

ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్ బళ్లలో సోషల్ చెప్పిన మనిషి. ఏటా స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకు కట్టలు దిద్దిన చేయి. ఉద్యోగం రిటైరైంది కాని చేయి కాలేదు. జేబులో ఎర్ర పెన్ను లేకుండా ఆయన స్నానానికి కూడా పోడని జనగామలో చెప్పుకునేవారు. జనగామ చరిత్రలో ఆయన చేత ఎక్కువ మార్కులు వేయించుకున్నది మనిషి కాదు, బచ్చన్నపేట బస్టాండు పక్క బండి మీద వేసే మిర్చి బజ్జీ. దానికి ఆరున్నర. బండివాడు మురిసిపోయి ఆ సంగతి బోర్డు మీద రాయించుకున్నాడు. మరుసటి వారం సారు పోయి బోర్డు చదివి, అందులో రెండు అక్షర దోషాలున్నాయని అర మార్కు కోసి వచ్చాడు.

మంగీలాల్‌కు ఈ ఎర్ర పెన్నుతో పాత పగ ఉంది. మహబూబాబాద్‌లో కారు డ్రైవింగ్ స్కూలు నడిపే మంగీలాల్ ఊరి బయట తండా పిల్లవాడు. ఆరు నుంచి పది దాకా అబ్రహాం సారు దగ్గరే సోషల్ చదివాడు. ఐదేళ్లలో జరిగిన ప్రతి పరీక్షలో అతనికి వచ్చినవి ముప్పై ఐదు మార్కులు. ముప్పై నాలుగు కాదు, ముప్పై ఆరు కాదు. 'అబ్రహాం సారు చేతిల ఒక్కసారి గూడ ఫెయిల్ కాలే' అని పదిమందిలో గొప్పలు చెప్పుకునేవాడు. ఒక్కడే ఉన్నప్పుడు మాత్రం, ఒక్క మార్కన్నా ఎక్కువ వేస్తే ఆయన పెన్నుల సిరా ఒడుస్తుండెనా అని కుమిలిపోయేవాడు.

అలాంటి సారు ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఒరేయ్ మంగీలాల్, నార్వే పోతున్నం. నేను, మీ మేడం. కారు నువ్వు నడపాలె."

"పోదం సార్. నార్వే ఏ మండలం?"

సారు గొంతు పెంచాడు.

"ఐదేండ్లు నీ నెత్తి మీద చార్టు వేలాడదీసిన. నార్వే, ఫియర్డులు, కొండల నడుమకు దూరిన సముద్రం. నీకు ముప్పై ఐదు ఎట్ల వచ్చినయిరా?"

"మీరే ఏసిండ్రు సార్."

"సరే, పాస్‌పోర్టుకు పెట్టుకో," అని సారు ఫోన్ పెట్టేశాడు.

ఆ చార్టు సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. సారు పెండ్లైన కొత్తలో మొగుళ్లపల్లిలో పనిచేసేటప్పుడు నార్వే ఫియర్డ్ బొమ్మను గుట్ట మీద నుంచి చూస్తున్నట్టు పెద్ద చార్టు మీద గీశాడు. నీళ్లకు రంగు వేసే పని భార్య సరోజనది. ఇంట్లో నీలం రంగు అయిపోయింది. ఆమె బట్టలకు పెట్టే నీలిమందు తీసుకుని, దాంట్లో కొంచెం ఆకుపచ్చ కలిపి పూసింది. సారు వచ్చి చూసి, "నీళ్లు గింత పచ్చగ, గింత నీలంగ ఎక్కడన్న ఉంటయా? అతి చేసినవ్. పదికి నాలుగు," అన్నాడు.

"పై నుంచి చూస్తే గట్లనే ఉంటయేమో."

"నువ్వు చూసినవా?"

"మీరు చూసిండ్రా?"

ఇద్దరూ చూడలేదు. మొగుళ్లపల్లి నుంచి మహబూబాబాద్, అక్కడి నుంచి నర్మెట్ట. బదిలీ అయిన ప్రతి బడికీ కొత్త చార్టు, ప్రతి చార్టులో సరోజన అదే రంగు, ప్రతిసారీ సారు అవే నాలుగు మార్కులు. మొగుడూ పెళ్లాల మధ్య ముప్పై మూడేళ్లు నడిచిన కేసు అది. సారు రిటైరై, "ఏం గావాలె నీకు?" అని అడిగితే సరోజన బంగారం అడగలేదు.

"ఆ నీళ్లను పై నుంచి ఒక్కసారి చూడాలె. నా రంగు రైటా కాదా తేలాలె," అంది.

తేల్చుకుందామనుకునే నాటికి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. చేతికర్ర పట్టుకుని చదును నేల మీద రెండు వందల అడుగులు వేస్తుంది. మెట్టు కనిపిస్తే కూర్చుంటుంది.

సారు ముందు హనుమకొండలో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరికి పోయాడు. ఏజెంటు రంగుల కాగితం పరిచి దండకం అందుకున్నాడు.

"తొమ్మిది రోజులు సార్. ఏసీ బస్సు, పొద్దున ఇడ్లీ, రాత్రి పప్పుచారు. నలభై మంది మనోళ్లే. తెలుగు మేనేజర్ వెంబడే ఉంటడు."

"నలభై మంది మనోళ్ల నడుమ కూసుని ఇడ్లీ తినేటందుకు నార్వే ఎందుకయ్యా? కాజీపేట స్టేషన్ల దొరుకుతది."

"అందరం కలిసిపోతే ధైర్యం గద సార్."

"నాలుగో రోజు, పది గంటల నుంచి పదింబావు దాకా ఫియర్డ్ దర్శనం అని రాసినవ్. పావుగంటనా? రేషన్ షాపుల వేలిముద్ర పడుటానికి గూడ గంతకంటె ఎక్కువ పడ్తది." సారు జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. "ఫియర్డ్ అంటే సరస్సు అని పెట్టినవ్. తప్పు. సముద్రం. రెండు మార్కులు పాయె. ఈ పటంల స్వీడన్‌ను తీసి నార్వే జాగల పెట్టినవ్. ఇంకో రెండు."

కాగితం నిండా సున్నాలు చుట్టి, కింద పదికి మూడు వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు. "మళ్ల మంచిగ రాసి పట్టుకరా." డబ్బు కట్టడానికి వచ్చిన మనిషి చేతిలో ఫెయిలవడం ఆ ఏజెంటుకు అదే మొదటిసారి.

ఇక సారు ఎవరినీ నమ్మలేదు. ఎనిమిది నెలలు కూర్చుని పాఠ్య ప్రణాళిక రాసినట్టు ప్రయాణం రాశాడు. ఏ రోజు ఏ ఊరు, ఏ పడవ రేవు, ఏ చెక్క గదిలో పొయ్యి ఉంటుంది, అన్నీ. ప్యాకేజీలో పోయేవాళ్లు గొర్రెల మంద అని, తమది స్వతంత్ర యాత్ర అని జనగామ అంతా చాటాడు. రైస్ కుక్కరు, పదిహేను కిలోల బియ్యం, మామిడికాయ తొక్కు, ఉల్లిగడ్డ కారం సర్దుకుని, స్వతంత్రులు ముగ్గురూ జూన్ నెలలో ఓస్లోలో దిగారు.

అక్కడ మంగీలాల్ పరువు మొదటి మూల మలుపులోనే పోయింది. ఇరవై ఏళ్లుగా ఎడమ సీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్ల మీద అరుస్తూ బతికినవాడు. ఈ దేశంలో స్టీరింగే ఆ ఎడమ సీటు ముందుకు వచ్చి కూర్చుంది. బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి. ఇండికేటర్ వేద్దామని చేయి పెడితే వైపర్లు లేచాయి. ఎండ ఫెళఫెళ కాస్తుంటే, మూల తిరిగినప్పుడల్లా వైపర్లు ఊపుకుంటూ పోయే కారును చూసి ఓస్లో జనం పక్కకు జరిగారు.

"డ్రైవింగుకు నాలుగు," అన్నాడు సారు వెనక సీట్లోంచి. "వైపర్లకు ఐదు. అవన్న చెప్పిన మాట ఇంటున్నయి."

నార్వే పెద్ద దేశం. ఎంత పోయినా అయిపోదు. గుట్ట దాటితే గుట్ట, నీళ్లు దాటితే నీళ్లు. ఎక్కడ కారు ఆపి ఏ దిక్కు ఫొటో తీసినా క్యాలెండరు మీద వేసుకోవచ్చు. అలాంటి దేశాన్ని పట్టుకుని సారు దిద్దడం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగు కిలోమీటర్ల సొరంగంలోంచి బయటపడగానే, "కొండను సూపిస్తమని పిలిచి కొండ లోపటికెంచి తీసుకపోవుడేంది? పదికి మూడు." ఎనిమిది వందల ఏళ్ల నాటి చెక్క చర్చి ముందు టోపీ తీసి నిలబడి, "ఫ్యాన్లు లేవు. నాలుగున్నర." రాత్రి పదకొండైనా పొద్దు కుంకకపోతే సూర్యుడికి రెండు: "టైముకు పేపర్ ఇయ్యని పోరన్ని ఏమంటం?"

ధరల్లో మాత్రం నార్వే డిస్టింక్షన్ కొట్టింది. మొదటి రోజు పెట్రోలు బంకులో మూడు కాఫీలు తాగి బిల్లు చూసిన సారు దాన్ని వెనక్కు తిప్పి చూశాడు, ఇంకేమైనా ఇస్తారేమోనని. ఆ తర్వాత యాత్ర అయిపోయేదాకా తొక్కు అన్నమే. చెక్క గదిలో సరోజన ఉల్లిగడ్డ కారం పోపు పెడితే, పొగకు పైకప్పులోని ఫైర్ అలారం కూసింది. ఆ గది యజమానురాలు, ఆరడుగుల మనిషి, మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఉరికి వచ్చింది. వాసన చూసి, సిలిండర్ పక్కన పెట్టి, రెండు ముద్దలు తిని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ పోయింది.

"అలారానికి ఐదున్నర," అన్నాడు సారు. "ఈ దేశంల మన పోపును గుర్తుపట్టింది అదొక్కటే."

కారు పక్కనే రోడ్డును ఆనుకుని ఒక జలపాతం దూకుతుంటే సరోజన అద్దం దించి మొహం మీద తుంపర పడనిచ్చి నవ్వింది. దానికి సారు ఏకంగా ఆరు వేశాడు.

"అబ్బో! బజ్జీతో సమానం చేసిండ్రు," అంది సరోజన.

మూడో రోజు వచ్చింది అసలు పరీక్ష. ఫియర్డ్ నీళ్ల మీద ఆరు వందల మీటర్ల ఎత్తున బల్లపరుపుగా ముందుకు వచ్చిన బండ. ప్రపంచమంతా వచ్చి దాని మీద నిలబడి ఫొటో దిగుతుంది. పైకి పోవాలంటే రాళ్లలో రెండు గంటలు నడవాలి. కారు ఆపిన చోట బెంచీ మీద సరోజన కూర్చుంది. ఆ గుట్టను కింద నుంచి పై దాకా చూసి, తన మోకాళ్లను చూసుకుంది.

"మీరన్న పోయి రాండ్రి," అంది. "నీళ్ల రంగు చూసి చెప్పుండ్రి. అబద్ధం ఆడొద్దు."

"పరీక్షల పేపర్ దిద్దేటోనికి అబద్ధమాడుడు రాదు," అన్నాడు సారు.

ఇద్దరూ ఎక్కారు. బండ మీదికి చేరేసరికి మబ్బు విడిచింది. మంగీలాల్ అంచు దాకా పోయి కిందికి తొంగి చూసి, "అమ్మో యాడీ!" అని తల్లిని తలుచుకున్నాడు. కింద రెండు గుట్టల వరసల నడుమ నీళ్లు. నీలిమందులో ఆకుపచ్చ కలిపి పూసినట్టే ఉన్నాయి. తరగతి గోడ మీద ఐదేళ్లు తను నిద్రమొహంతో చూసిన చార్టే అది.

సారు అంచుకు దూరంగా కూర్చున్నాడు. ఎర్ర పెన్ను తీయలేదు. అద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచాడు. గంట గడిచింది.

"సార్, మేడం గెలిచింది," అన్నాడు మంగీలాల్ సంబరంగా.

"ఫోన్ ఇటియ్యి."

ఇచ్చాడు. సారు అందులోని ఫొటోలన్నీ ఒక్కొక్కటే చెరిపేసి తిరిగి ఇచ్చాడు.

కిందికి దిగేసరికి సరోజన బెంచీ మీంచి లేచి నిలబడి ఉంది. "ఎట్లున్నది?"

"ఏమున్నది? బండ. జనం. ప్రసంగ వేదిక అని దానికి పేరట. మన చర్చిల వేదికకు మైకన్న ఉంటది. పదికి రెండు. నువ్వు రాకుండుడే మంచిదైంది."

"నీళ్లు?"

"బూడిద రంగు. మసిబట్ట పిండినట్టు."

మంగీలాల్ నోరు తెరిచాడు. సారు బూటు అతని కాలి మీద పడింది.

"ఫొటో తియ్యలేదా బిడ్డా?" అంది సరోజన.

"వాని ఫోన్ల చార్జింగ్ ఒడిసింది," అన్నాడు సారు.

ఆ క్షణాన మంగీలాల్‌కు అబ్రహాం సారు మీద ఉన్న పాత పగ అంతా మళ్లీ మొలిచింది. ముప్పై మూడేళ్ల కొట్లాటలో ఓడిపోయిన మనిషి, ఓడానని చెప్పడానికి నోరు రాక, కట్టుకున్నదాని ముందు అబద్ధమాడాడు. తనకు ఒక్క మార్కు ఎక్కువ వేయనివాడు పెండ్లానికి ఆరు మార్కులు కలుపుతాడా? ఆ రోజు సాయంత్రం సారు స్వయంగా నీళ్లు కాచి, మేడం మోకాళ్లకు కాపడం పెట్టడం చూశాడు. చాయ్ కూడా సారే పెట్టాడు. తప్పు చేసినవాడి వేషాలు అనుకుని మొహం తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఒక మంచు నది దగ్గర గంట ఎక్కుడు: పదికి ఒకటిన్నర, "ఫ్రిజ్‌ల గడ్డ కట్టినట్టున్నది." ఒక గుట్ట కొసన కట్టిన అద్దాల అరుగు, మూడు వందల మెట్లు: రెండు, "అద్దాలు తుడ్వలే." ప్రతిసారీ సరోజన కింద బెంచీ మీద. ప్రతిసారీ "నీళ్లు?" "బూడిద." మంగీలాల్ పళ్లు కొరుక్కునేవాడు. రోజు రోజుకూ నీళ్ల సంగతి అడిగే మేడం మొహంలో ఆశ కూడా తగ్గుతోంది. పన్నెండు రోజుల యాత్రలో పదకొండు అయిపోయాయి.

పన్నెండో రోజు పొద్దున సారు మొహం కడుక్కుంటున్నాడు. మేడం రైస్ కుక్కరు దగ్గర ఉంది. బల్ల మీద సారు నోటు పుస్తకం తెరిచి ఉంది. దొంగతనంగా చదవడం తప్పే. కాని ఐదేళ్లు ముప్పై ఐదు దగ్గరే ఆగినవాడికి సారు మార్కుల పుస్తకం దొరికితే తప్పు ఒప్పు గుర్తుండదు. మంగీలాల్ చూశాడు.

బళ్లో మార్కుల రిజిస్టరు లాగే గీతలు కొట్టి ఉంది. ఒక వరస 'వచ్చినవి'. పక్క వరస 'వేసినవి'. సొరంగం: వచ్చినవి మూడు, వేసినవి మూడు. చెక్క చర్చి: నాలుగున్నర, నాలుగున్నర. రోడ్డు పక్క జలపాతం: ఆరు, ఆరు. కారులోంచి మేడం చూసిన వాటన్నిటికీ రెండు వరసల్లోనూ ఒకే అంకె. మేడం ఎక్కలేని వాటి దగ్గరే లెక్క మారింది. మంచు నది: వచ్చినవి తొమ్మిది, వేసినవి ఒకటిన్నర. అద్దాల అరుగు: తొమ్మిదిన్నర, రెండు. ఎత్తు బండ: పది, రెండు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరస. 'సరోజన చార్టు, నీళ్ల రంగు: వచ్చినవి పది. వేసినవి నాలుగు.'

మంగీలాల్ ఆ అంకెలను రెండుసార్లు చదివాడు. మేడం ఎన్ని మెట్లు ఎక్కలేకపోతే సారు అన్ని మార్కులు కోశాడు. గెలిచావని చెబితే, "అయితే నేను చూడకుండ పోతున్ననా" అని ఆమె కుములుతుంది. అందుకని నార్వే మొత్తాన్ని ఫెయిల్ చేసి పెట్టాడు, ఆమెకు పోయిందేమీ లేదనిపించడానికి. ఆమె గెలుపు కూడా దాంతోపాటే ఫెయిలయింది.

పుస్తకం ఎట్లున్నదట్ల పెట్టేశాడు. కారు తీశాడు. ఆ రోజు ఆకాశం కడిగినట్టు ఉంది. అరగంట పోయాక ఫియర్డ్ ఒడ్డున, గుట్ట మీదికి తీగ మీద పాకుతూ పోయే ఎర్ర డబ్బా ఒకటి కనిపించింది. మంగీలాల్ వైపర్లు వేసి, తిట్టుకుని, ఇండికేటర్ వేసి కారు ఆపాడు.

"రోప్‌వే సార్! మేడం మెట్టెక్కే పని లేదు. కూసుంటే పైకి తీస్కపోతది."

సారు ఆ డబ్బాను చూసి మరో దిక్కు తిరిగాడు. "అది సామాన్లు ఎక్కించేది."

"మనుషులున్నరు సార్. చేతులూపుతున్నరు."

"ఊపుతలేరు, మొత్తుకుంటున్నరు." సారు కారు తలుపును గట్టిగా పట్టుకున్నాడు. "గుట్టను నడిచి ఎక్కాలె. తీగ మీద పోవుడంటే స్లిప్పులు పెట్టి పరీక్ష రాసినట్టే. కాపీ. నేను ఒప్పుకోను."

సరోజన కారు తలుపు తీసి కర్ర కింద ఆనించింది. "అయితే నేను స్లిప్పులు పెట్టే పోత. పదో తరగతి గూడ గట్లనే పాసైన."

ముప్పై మూడేళ్ల కాపురంలో ఈ సంగతి సారుకు ఇప్పుడే తెలిసింది.

"ఏ సబ్జెక్టు?" అన్నాడు చివరికి.

"సోషల్."

సారును బెంచీ మీద కూర్చోబెట్టి, ఇద్దరూ డబ్బా ఎక్కారు. నేల కిందికి జారిపోతుంటే బెంచీ మీద ఎర్ర పెన్ను పట్టుకున్న మనిషి చిన్నగా, ఇంకా చిన్నగా అయ్యాడు.

"మీ సారుకు గుండె ఆగిపోతది బిడ్డా దీంట్ల," అంది సరోజన. "పెండ్లైన కొత్తల ఎగ్జిబిషన్ల జెయింట్ వీల్ ఎక్కినం. పైకి పోయి ఆగింది. నా చెయ్యి గట్టిగ పట్టుకుని బైబిల్ మొదలు నుంచి సదివిండు. దిగినంక మూడు రోజులు అన్నం తినలే."

మంగీలాల్ ఇక ఉండబట్టలేకపోయాడు. "మేడం, నేనొకటి చెప్పాలె. నీళ్లు బూడిద రంగు కాదు. సారు అబద్ధమాడిండు."

"తెలుసు."

"ఎట్ల?"

"ఆ నీళ్లు నిజంగ బూడిద రంగుంటే ఆయన ఊకుంటడా? గుట్ట మీద నుంచే 'నేను గెలిచిన' అని మొత్తుకుంటుండె. మంచిగ నీళ్లు కాచి కాపడం పెట్టిండు. అప్పుడే సమజైంది." ఆమె నవ్వింది. "ముప్పై మూడేండ్లు ఆయన పేపర్లు దిద్దితే టోటల్ కొట్టింది నేను. ఏడ కోస్తడో, ఏడ కలుపుతడో నాకు తెల్వదా? నీ పేపర్లకు గూడ నేనే కొట్టిన గద టోటల్."

"నాకు ఎప్పుడూ ముప్పై ఐదే మేడం. ఒక్కటి గూడ ఎక్కువ రాలే."

"నీకు ముప్పై ఐదు ఒక్కసారి గూడ రాలే బిడ్డా. పంతొమ్మిది, ఇరవై రెండు, ఒకసారి పదకొండు. తండా పోరడు, ఫెయిలైతే వాళ్ల నాయిన బడి మాన్పించి కూలికి తోలుతడని ఆయనే కలిపేటోడు. ముప్పై ఐదు కంటె ఎక్కువేస్తే హెడ్మాస్టర్ పట్టుకుంటడని భయం."

మంగీలాల్ డబ్బా అద్దంలోంచి బయటికి చూశాడు. జీవితమంతా మోసిన పగ, వెయ్యి మీటర్ల ఎత్తున, ఎక్కడ దించాలో తెలియక చేతుల్లో మిగిలింది. "పదకొండా?" అన్నాడు నీరసంగా.

"గంగానది నార్వేల పుట్టిందని రాసినవ్."

డబ్బా ఆగింది. పైన చదును నేల, నాలుగు అడుగులు వేస్తే అంచున ఇనుప కమ్మీల అడ్డు. సరోజన కర్ర ఊనుకుంటూ పోయి దాన్ని పట్టుకుని కిందికి చూసింది. చాలాసేపు చూసింది. ఫియర్డ్ అంతా ఒక్క చూపులో ఉంది, ఆ మూల నుంచి ఈ మూల దాకా. చార్టులో లేనివి రెండే: అందులో పోతున్న తెల్ల పడవ, దాని వెనక గీత.

"నీలిమందు జర తక్కువేసిన," అంది తనలో తాను. "ఇంకో చిటికెడు పడాల్సి ఉండె."

గంటన్నర పైనే ఉన్నారు. మంగీలాల్ ఫొటో తీద్దామంటే వద్దంది. కిందికి దిగేసరికి సారు బెంచీ చుట్టూ తిరుగుతున్నాడు. తీగ తెగలేదన్న ధైర్యం వచ్చాక, మొహానికి పాత దర్పం తగిలించుకున్నాడు. ఆమెను అడగలేక మంగీలాల్‌ను, మంగీలాల్‌ను అడగలేక ఆమెను చూశాడు.

"ఏమున్నది పైన?"

సరోజన బెంచీ మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమున్నది? అంతా మబ్బు. ఏం కనవడలే. మీరు రాకుండుడే మంచిదైంది."

సారు తలెత్తి చూశాడు. గుట్ట కొస దాకా, గుట్టలవతల సముద్రం దాకా, నార్వే ఆకాశంలో దూదిపింజ అంత మబ్బు కూడా లేదు. సారు చాలాసేపు వెతికాడు. తర్వాత ఫ్లాస్కు మూత తీసి ఆమెకు చాయ్ పోశాడు.

"నేను ముందే చెప్పిన గద," అన్నాడు.